సున్నపు గీత నుంచి పారిస్ ట్రాక్ దాకా

వాతావరణ మార్పు అనే మాట ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది, పరీక్ష ప్రశ్నల్లో ఉంది, రోజూ వార్తల్లోనూ వినిపిస్తుంది. అయినా ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లల మనసులో ఆ మాటకు ఒక రూపం ఏర్పడడం కష్టంగానే ఉంది. ఆ లోపం పిల్లలది కాదు, విషయమే అంత పెద్దది. భూగోళమంతటి వేడి, వందేళ్ల కాలం, కంటికి కనిపించని వాయువు, ఈ మూడింటిలో ఏదీ పిల్లల చేతికి అందేది కాదు. అదే పిల్లలకు ఒక క్రికెట్ మ్యాచ్ ఎన్ని ఓవర్లకు ముగుస్తుందో, కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఏ గీత తాకాలో, నాలుగు వందల మీటర్ల పరుగులో చివరి మలుపు ఎంత కఠినమో బాగా తెలుసు. ఆట ఒక ఈలతో మొదలై మరొక ఈలతో ముగుస్తుంది. ఆ రెండు ఈలల మధ్య మైదానంలోకి ఎంత నీరు వచ్చింది, ఎంత కరెంటు ఖర్చయింది, ఎన్ని బండ్లు వచ్చాయి, ఎంత చెత్త మిగిలింది అన్నది లెక్కకు అందే విషయం. లెక్కకు అందిన విషయం పిల్లల బుద్ధికి కూడా అందుతుంది. అందువల్లనే పెద్ద క్రీడోత్సవాల ద్వారా పర్యావరణాన్ని బోధించడం మంచి మార్గమని చెప్పవలసి వస్తున్నది. రెండు ఈలల మధ్య లెక్క అనే ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకోవాలని మనవి, ఈ ప్రసంగం చివర అది మళ్లీ వస్తుంది.

సుస్థిరత అనే మరో మాట కూడా పర్యావరణ పాఠాల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ తరం తన అవసరాలు తీర్చుకుంటూనే, రాబోయే తరానికి దక్కవలసిన నీటిని, నేలను, గాలిని చెడగొట్టకుండా మిగల్చడమే సుస్థిరత. వ్యవసాయ కుటుంబాల్లో పెరిగిన పిల్లలకు దీనికి నిర్వచనం అక్కరలేదు. ఎంత కరువు వచ్చినా విత్తనాలకు దాచిన గింజలను వండుకు తినకూడదని ఇంట్లో పెద్దలు చెప్పే మాటలోనే ఆ అర్థమంతా ఉంది.

ఈ పాఠాన్ని ఒక పట్టణం నుంచి చూద్దాం. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రహదారి మీద ఉన్న తొర్రూరు ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, 2016లో జిల్లాల పునర్విభజనతో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఈ పట్టణంలోని బడిపిల్లలకు ఒలింపిక్స్ ఎక్కడో దూరదేశపు ముచ్చటగా తోచవచ్చు, కానీ ఈ ప్రాంతానికి ఆ క్రీడలతో నిజమైన బంధమే ఉంది. పర్వతగిరి మండలంలోని కల్లెడ గ్రామం నుంచి వచ్చిన వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో భారతదేశం తరఫున పాల్గొన్నారు. అదే కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్య పతకం గెలుచుకున్నారు. ఆమె పోటీపడిన విభాగాన్ని టీ-20 అంటారు. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారులకు కేటాయించిన విభాగమది.

దీప్తి పరుగెత్తిన ఆ ట్రాక్ ఊదా రంగులో ఉండడం టీవీలో చూసిన చాలామందికి గుర్తుండవచ్చు. దాని తయారీలో కాల్షియం కార్బొనేట్ అనే సున్నపు పదార్థాన్ని వాడారు. అందుకోసం సముద్రపు ఆల్చిప్పల జాతి జీవుల గుల్లలను, అంటే మాంసం తీసేసిన తర్వాత చెత్తగా మిగిలిపోయే గుల్లలను, పొడి చేశారు. ఈ ఒక్క వివరంతోనే తొర్రూరులోని ఉపాధ్యాయుడు ఒక పూర్తి పాఠం చెప్పగలడు. ఎందుకంటే బడి మైదానంలో కబడ్డీ కోర్టుకు, ఖోఖో కోర్టుకు వేసే గీత కూడా సున్నపు గీతే. వెనుకటి కాలంలో ఈ నేల మీద గుల్లలను కాల్చి గుల్లసున్నం చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా సున్నపురాయిని తవ్వి బట్టీలో కాలుస్తున్నారు. సున్నపురాయి కాలినప్పుడు అందులో నుంచి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, బట్టీని మండించిన బొగ్గు నుంచి మరికొంత వెలువడుతుంది, ఆ సున్నాన్ని లారీలో తెచ్చినప్పుడు డీజిల్ పొగలో ఇంకొంత కలుస్తుంది. భూమి నుంచి బయటికి పోవలసిన వేడిని ఈ వాయువు దుప్పటిలా కప్పి ఆపుతుంది. అది ఎంత పెరిగితే దుప్పటి అంత మందమవుతుంది.

ఒక వస్తువు కోసం గానీ, ఒక పని కోసం గానీ మొదటి నుంచి చివరిదాకా గాలిలోకి వదిలిన ఇలాంటి వాయువుల మొత్తాన్ని కర్బన పాదముద్ర అంటారు. తడి నేల మీద నడిచినవాడి అడుగు ఎంత లోతుగా దిగిందో చూసి వాడు మోసిన బరువును ఊహించినట్టు, కర్బన పాదముద్రను చూసి ఆ పని భూమి మీద మోపిన బరువును అంచనా వేయవచ్చు. మైదానంలో పిల్లవాడు గీసే తెల్లని సున్నపు గీతకు కూడా ఒక పాదముద్ర ఉందని తెలిసిన క్షణంలో, పాఠ్యపుస్తకంలోని ఆ మాట వాడి సొంతమవుతుంది.

పారిస్ ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల నిర్వాహకులు తమ పాదముద్రను అంతకుముందు లండన్‌లోనూ, రియోలోనూ జరిగిన క్రీడల సగటులో సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నారు. పోటీలు జరిగిన వేదికల్లో 95 శాతం అప్పటికే ఉన్నవో, ఆటలు ముగియగానే విప్పదీసేవో కావడం ఆ ప్రయత్నంలో పెద్ద భాగం. దీప్తి పరుగెత్తిన స్టేడియం కూడా 1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం కట్టినదే. చివరికి ఆ క్రీడల మొత్తం పాదముద్ర సుమారు 16 లక్షల టన్నులని, లక్ష్యం నెరవేరిందని నిర్వాహకులు ప్రకటించారు. అందులో పెద్ద వాటా ప్రయాణాలదేనని, అందునా విమానాలెక్కి వచ్చిన ప్రేక్షకులదేనని వింటే పిల్లలు ఆశ్చర్యపోతారు. స్టేడియం దీపాలు, వంటశాలలు, పతకాల తయారీ, ఇవన్నీ కలిపినా చూడడానికి వచ్చినవారి రాకపోకలే ముందు వరుసలో నిలుస్తాయి.

ఈ మాటను తొర్రూరుకు దించి చూస్తే మరింత స్పష్టంగా ఉంటుంది. ఐపీఎల్ మ్యాచ్ చూడడానికి ఈ ప్రాంతం నుంచి యాభై మంది ఉప్పల్ స్టేడియానికి బయలుదేరారనుకుంటే, వారు పది కార్లలో పోవచ్చు, లేదా తొర్రూరు డిపో నుంచి ఒక్క బస్సులో పోవచ్చు. ఒక లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కిలో బరువు కూడా లేని లీటరు డీజిల్ నుంచి అంత బరువైన వాయువు ఎలా వచ్చిందని తెలివైన పిల్లవాడు తప్పక అడుగుతాడు, అడగాలి కూడా. డీజిల్‌లోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌ను తనతో కలుపుకోవడం వల్ల ఆ బరువు పెరుగుతుందని చెప్పినప్పుడు, రసాయనశాస్త్రం పాఠం అక్కడే, మ్యాచ్ ముచ్చటలోనే పూర్తవుతుంది.

పారిస్‌లో జరిగిన మరొక విషయం తరగతిలో వాదప్రతివాదాలకు పనికివస్తుంది. క్రీడాకారుల నివాసాల్లో ఏసీలు పెట్టకుండా, నేల అడుగున చల్లని నీటిని ప్రవహింపజేసి గదులను చల్లబరిచే ఏర్పాటు చేశారు. అయితే చాలా దేశాలు తమ క్రీడాకారులకు సొంతంగా ఏసీలు సమకూర్చుకున్నాయి, ఆగస్టు మొదట్లో ఎండ ముదిరేసరికి భారతదేశం కూడా 40 ఏసీలు పంపింది. ఏళ్ల తరబడి సాధన చేసిన క్రీడాకారిణికి పోటీకి ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం న్యాయమా, లేక ఏసీలు పెంచుతూ పోవడం న్యాయమా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. జవాబు లేని ప్రశ్నను పిల్లల ముందు పెట్టడానికి ఉపాధ్యాయులు వెనుకాడనక్కరలేదు, రెండు పక్షాలుగా విడిపోయి వాదించనిస్తే వారు చాలా దూరం ఆలోచిస్తారు.

దీప్తి పతకం గెలిచిన ఆ వారాన్నే మరో కోణం నుంచి చూడవలసి ఉంది. ఆమె పోటీకి రెండు మూడు రోజుల ముందు, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో, మహబూబాబాద్ జిల్లాను భారీ వర్షాలు ముంచెత్తాయి. కొన్నిచోట్ల ఒక్క రోజు వాన 40 సెంటీమీటర్లు దాటింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే దారిలో, మరిపెడ మండలంలో ఆకేరు వాగు వంతెన మీదుగా పొంగి ప్రవహించింది, ప్రాణాలు పోయాయి. ఆ వరదను చూసిన పిల్లలు ఈ ప్రాంతపు తరగతి గదుల్లో ఇప్పుడు కూర్చుని ఉన్నారు.

ఆ వాన వాతావరణ మార్పు వల్లనే పడిందా అని వారు అడిగితే జాగ్రత్తగా జవాబు చెప్పాలి. ఈ రోజు ఎండ, రేపటి వాన, ఎల్లుండి ముసురు, ఇవి రోజువారీ వాతావరణం. ముప్పై ఏళ్లు, అంతకు మించిన కాలంలో ఒక ప్రాంతపు ఎండావానల సగటు నడతను శీతోష్ణస్థితి అంటారు, వాతావరణ మార్పు అన్నప్పుడు మారుతున్నది ఇదే. క్రికెట్ తెలిసిన పిల్లలకు ఇది తేలిక. ఒక ఇన్నింగ్స్‌లో కొట్టిన పరుగులు వాతావరణం వంటివి, ఆటగాడి జీవితకాలపు సగటు శీతోష్ణస్థితి వంటిది. ఒక్క సెంచరీని చూసి ఆటగాడు మారిపోయాడని తీర్పు చెప్పలేనట్టే, ఒక్క వరదను చూసి తీర్పు చెప్పలేము. అయితే గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదని భౌతికశాస్త్రం చెబుతున్నది. ఎక్కువ నీరు మోసే మబ్బు కురిసినప్పుడు ఎక్కువగానే కురుస్తుంది. కాబట్టి ఇటువంటి వానలకు అవకాశం పెరుగుతున్నదని చెప్పడం సత్యం, ప్రతి వాననూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం అసత్యం. ఈ తేడాను పిల్లలకు నేర్పడం చాలా ముఖ్యం. భయపెట్టి చెప్పిన పాఠం కంటే, సరిగ్గా తూచి చెప్పిన పాఠం ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇక నీటి సంగతి. 2016 వేసవిలో మహారాష్ట్రలో తీవ్రమైన కరువు వచ్చి, లాతూరు పట్టణానికి రైలులో తాగునీరు పంపవలసి వచ్చింది. అదే సమయంలో ఆ రాష్ట్రంలోని మూడు స్టేడియాల్లో ఐపీఎల్ పిచ్‌లకు, పచ్చికకు సుమారు 60 లక్షల లీటర్ల నీరు ఖర్చవుతుందని బొంబాయి హైకోర్టులో పిటిషన్ దాఖలైంది. పెళ్లికి పిలిపించే నీళ్ల ట్యాంకరులో 5 వేల లీటర్లు పడతాయనుకుంటే, అది 1200 ట్యాంకర్ల నీరు. ఏప్రిల్ 30 తర్వాతి మ్యాచ్‌లను రాష్ట్రం బయటికి తరలించాలని న్యాయస్థానం ఆదేశించింది, వాటిలో కొన్ని విశాఖపట్నానికి వచ్చాయి. అయితే ఆ వేసవిలో తెలుగు నేల మీద కూడా కరువే ఉంది, తెలంగాణలో ఎండల తీవ్రతకు ఏప్రిల్ మధ్యలోనే బడులకు సెలవులిచ్చారు. మ్యాచ్‌ను తరలిస్తే నీటి సమస్య తీరినట్టా, తరలినట్టా? ఎనిమిదేళ్ల తర్వాత, 2024లో, బెంగళూరులో నీటి ఎద్దడి వచ్చినప్పుడు అక్కడి స్టేడియం పచ్చికకు కబ్బన్ పార్కు దగ్గర శుద్ధిచేసిన మురుగునీటిని వాడారు. ఒకే సమస్యకు రెండు చోట్ల రెండు రకాల జవాబులు వచ్చాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపితే, తాగునీరు వేరు, వాడుకనీరు వేరు అన్న ఎరుక పిల్లలకు తనంతట తానే కలుగుతుంది.

ఇక కరెంటు సంగతి. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగింది, మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. పొగ లేని ఆ కార్లను చూపి సంతోషపెట్టడంతో పాఠం ఆగకూడదు. ఆ కారుకు కరెంటు ఎక్కడిదని అడిగితే, భూపాలపల్లిలోనూ రామగుండంలోనూ బొగ్గు మండించే థర్మల్ కేంద్రాలు గుర్తుకు రావాలి, ఇళ్ల కప్పుల మీద సౌర ఫలకాలూ గుర్తుకు రావాలి.

ఇలా అడగడం అలవాటైన పిల్లలు ప్రకటనలను కూడా పరీక్షిస్తారు. 2022లో ఖతార్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్ కర్బన తటస్థమైనదని, అంటే వదిలినంత కర్బనాన్ని వేరే మార్గాల్లో పూడ్చివేసిందని ప్రచారం చేశారు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో ప్రకటనల మంచిచెడ్డలను విచారించే సంఘం ఆ మాటకు తగిన రుజువు లేదని తేల్చింది. ఐపీఎల్‌లో 2023 ప్లేఆఫ్‌ల నుంచి, పరుగు రాని ప్రతి బంతికీ 500 మొక్కలు నాటుతామని ప్రకటించి, తెర మీద చుక్కకు బదులు చెట్టు బొమ్మ చూపించారు. పిల్లలు ఆ బొమ్మలను ఉత్సాహంగా లెక్కపెడతారు, అది మంచి ఆరంభం. ఆ తర్వాత, ఆ మొక్కలు ఎక్కడ నాటారు, ఎన్ని బతికాయి అని అడగడం నేర్పాలి. నాటిన మొక్క వేరు, బతికిన చెట్టు వేరు. తమ ఊరి క్రీడా ప్రాంగణం చుట్టూ నాటిన మొక్కల్లో ఎన్ని మిగిలాయో వారు నడిచి వెళ్లి లెక్కపెట్టగలరు.

వీటన్నిటిలోనూ తొర్రూరు పిల్లల శరీరానికి నేరుగా తగిలేది వేడి. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్‌లో మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా బయలుదేరిన 68 మందిలో 28 మంది పరుగు పూర్తి చేయలేకపోయారు. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను ఎండ వల్లనే ఉత్తరాన సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న సప్పోరో నగరానికి మార్చారు, అక్కడ కూడా మహిళల పరుగును చివరి నిమిషంలో ఒక గంట ముందుకు జరిపారు. దోహాలో అర్ధరాత్రి సూర్యుడు లేడు కదా, మరి ఎందుకు కుప్పకూలారు?

జవాబు చలివేంద్రంలోని రంజన్ చెబుతుంది. మట్టి రంజన్ తన ఒంటినిండా ఉన్న సన్నని రంధ్రాల గుండా నీటిని బయటికి చెమర్చుతుంది, ఆ చెమ్మ ఆరిపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది, అందుకే నీళ్లు చల్లబడతాయి. మనిషి ఒళ్లు కూడా అచ్చంగా అలాగే చెమటతో చల్లబడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో రంజన్ నీళ్లు అంతగా చల్లబడవు, ఎందుకంటే గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడం వల్ల చెమ్మ ఆరదు. దోహాలో ఆ రాత్రి జరిగింది ఇదే. వేడి ఒక్కటే శత్రువు కాదు, వేడితో కలిసిన ఉక్కపోత అసలు శత్రువు. దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. బడిలోని రెండు థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, రెండింటినీ మైదానం పక్కన చెట్టు నీడలో వేలాడదీస్తే చాలు. తడి గుడ్డ చుట్టినది సాధారణంగా తక్కువ చూపుతుంది. రెండింటి మధ్య తేడా బాగా ఉంటే చెమట ఆరుతున్నదని అర్థం. తేడా తగ్గి, వేడి కూడా ఎక్కువగా ఉంటే ఆట ఆపి నీడకు చేరాలని అర్థం.

తెలంగాణలో సీఎం కప్ పోటీలు 2023లో మే నెలలో జరిగాయి, 2024లో డిసెంబరులో మొదలయ్యాయి. మే నెల మైదానానికీ డిసెంబరు మైదానానికీ ఉన్న తేడాను పిల్లలే ఈ రెండు థర్మామీటర్లతో కొలిచి చెప్పగలిగితే, ఆటల కాలపట్టిక వేసే పెద్దలు కూడా వినవలసి వస్తుంది.

పర్యావరణ విద్యను అన్ని తరగతుల్లో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు ఎప్పుడో ఆదేశించింది, బడుల్లో జాతీయ హరిత దళాలు కూడా ఉన్నాయి. కొత్త పథకం కోసం ఎదురుచూడనక్కరలేదు. కావలసిందల్లా సైన్సు ఉపాధ్యాయుడు, వ్యాయామ ఉపాధ్యాయుడు, లెక్కల ఉపాధ్యాయుడు ఒక్కరోజు మైదానంలో కలిసి నిలబడడం.

తొర్రూరు ప్రాంతంలోని ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, సంక్రాంతికి వాలీబాల్, కబడ్డీ పోటీలు నడిపే యువజన సంఘాలకు ఒక విన్నపం. ఈసారి మండల స్థాయి పోటీలు జరిగినప్పుడు రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి మైదానంలో పెట్టండి. మొదటి ఈలకు ముందే రెండు థర్మామీటర్ల అంకెలు రాయండి, ఏ జట్టు ఏ బండిలో వచ్చిందో రాయండి. నీళ్ల ప్యాకెట్లకు బదులు రంజన్లు, స్టీలు గ్లాసులు పెట్టి, ఎన్ని బిందెల నీరు పట్టిందో రాయండి. చివరి ఈల తర్వాత మిగిలిన ప్లాస్టిక్‌ను, ఫ్లెక్సీలను మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాంటా మీద పెట్టి తూచండి, ఆ బరువును పిల్లల చేతనే రాయించండి. గెలిచిన జట్టు పేరు రాసిన పేజీలోనే, దాని కిందనే, ఆ బరువు కూడా ఉండాలి. మరుసటి ఏడాది అదే పుస్తకం తెరిచి, అదే మైదానంలో, పక్క పేజీలో మళ్లీ రాయండి.